ఏరియల్ వేషం కట్టే పెట్టె

రేడియో సెట్టును అలైన్ చేసేటప్పుడు సిగ్నల్ జనరేటర్ ఇంపీడెన్సు, సెట్టు ఇంపీడెన్సు సరిసమానంగా ఉండాలన్నది చాలామంది వల్లించే మాట. గరిష్ఠ శక్తి అందాలంటే అది నిజమే. కానీ అలైన్‌మెంట్‌లో కావలసింది శక్తి కాదు. జనరేటర్ తీసేసి అసలు ఏరియల్ తగిలించాక కూడా ట్యూనింగ్ చెదరకుండా ఉండాలి. డెక్కన్ రేడియో నడిచిన 1930లలో హైదరాబాద్ డాబాల మీద ఏరియల్ అంటే పొడవాటి రాగితీగే. మీడియం వేవ్‌లో అలాంటి తీగ సుమారు 200 పికోఫారడ్ల కండెన్సర్‌లా ప్రవర్తిస్తుంది. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్‌జ్ దగ్గర దాని అడ్డు దాదాపు 1,080 ఓములు. సెట్టులోని మొదటి కాయిల్ ఈ కెపాసిటీని కూడా కలుపుకునే ట్యూన్ అవుతుంది. అక్కడ 50 ఓముల జనరేటర్‌ను నేరుగా తగిలిస్తే కాయిల్ పదును చచ్చిపోతుంది. ట్రిమ్మర్ స్క్రూ ఎంత తిప్పినా మీటరు ముల్లు బద్ధకంగానే కదులుతుంది. అలా దొరికిన శిఖరం ఏరియల్‌కు పనికిరాదు. అందుకే పుట్టింది డమ్మీ ఏరియల్: 200 పికోఫారడ్లు, దానికి వరసలో 20 మైక్రోహెన్రీల కాయిల్, ఆ కాయిల్‌కు అడ్డంగా ఒకదానికొకటి వరసలో 400 ఓములు, 400 పికోఫారడ్లు. మీడియం వేవ్‌లో కండెన్సర్‌లా, షార్ట్‌వేవ్‌లో 400 ఓముల రెసిస్టర్‌లా నటించే ఈ చిన్న డబ్బా గడుసుదే.

వాల్వు సెట్టులో 455 కిలోహెర్ట్‌జ్ ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) సరిచేసేటప్పుడైతే మ్యాచింగ్ ఊసే అక్కర్లేదు. మిక్సర్ గ్రిడ్‌కు కండెన్సర్ ద్వారా సిగ్నల్ ఇస్తాం. ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ ప్లేటు వైపు ఉంటుంది కాబట్టి గ్రిడ్ మీది 50 ఓముల బరువు దానికి తెలియదు.

మరి 50 ఓములు ఎందుకంటారా? ఎఫ్ఎంకు వెళితే ఆ పట్టింపు న్యాయమే. వివిధ భారతి 102.8 మెగాహెర్ట్‌జ్ తరంగం మూడు మీటర్లకు కాస్త తక్కువ. మీటరు కేబుల్ చివర పొంతన కుదరకపోతే సిగ్నల్ వెనక్కి తిరిగి, డయల్ మీది మైక్రోవోల్టులు అబద్ధమవుతాయి. 738 తరంగమో, 406 మీటర్లు. దానికి మీటరు కేబుల్ ఒక లెక్కా? 75 ఓముల ఎఫ్ఎం సెట్టుకు 43, 87 ఓముల రెసిస్టర్ల ప్యాడ్ పెడితే పొంతన కుదురుతుంది గానీ, నాలుగో వంతుకు కాస్త మించిన శక్తే అవతలికి చేరుతుంది. ఆ నష్టం లెక్కలో వేయకపోతే మంచి సెట్టు కూడా చెవిటిదనిపిస్తుంది.

అయితే డమ్మీ కూడా పాత డాబాల లెక్కే. నల్లగండ్ల అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టిన రెండు మీటర్ల తీగకు 200 పికోఫారడ్లు ఎక్కడివి? మీటరుకు పది వేసుకున్నా ఇరవై దాటదు. డబ్బాలో ఆ కండెన్సర్ మార్చాలి, లేదా ఏరియల్ ట్రిమ్మర్‌ను ఆ తీగతోనే, బలహీనమైన స్టేషన్ పెట్టుకుని, చివర్లో మళ్ళీ తిప్పాలి.