త్రీ నాట్ త్రీ: ఖాళీ కేసుల లెక్క

మా నాన్నగారు ఏ.ఆర్. కానిస్టేబులుగా చేరి హెడ్డుగా రిటైరయ్యారు. చిన్నప్పుడు ఆయన భుజాన చూసిన తుపాకి పేరు మాకు "త్రీ నాట్ త్రీ", అంతే. దాని ముందర ఒక దశాంశ బిందువు ఉందనీ, అది గొట్టం లోపలి వ్యాసం అంగుళాల్లో అనీ నాకు తెలిసింది డబ్లిన్ వచ్చి జావా రాసుకుంటున్న రోజుల్లో. అదీ ఎలాగంటే, మా టీములో ఒక ఐరిష్ అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్నకి డెబ్భై దాటాయి. కుర్రతనంలో ఎఫ్.సి.ఎ. అనే ఇక్కడి పార్ట్ టైము సైన్యంలో ఉండి ఇదే .303 కాల్చాడట. ఇప్పుడు లైసెన్సు పెట్టుకుని దాని తమ్ముడిలాంటి కార్బైనుతో టార్గెట్ షూటింగ్ చేస్తాడు. "నాన్న దగ్గర నోటు పుస్తకం నిండా అంకెలున్నాయి, కాస్త ఎక్సెల్ లో పెట్టి చూడవా" అందా అమ్మాయి. అంకెలంటే మనవాళ్ళం కాదంటామా!

ఆ కార్బైను అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 5, ముద్దుపేరు జంగిల్ కార్బైన్. 1944 నుంచి 1947 దాకా ఇంగ్లండులో సుమారు రెండున్నర లక్షలు చేశారు. మామూలు .303 రైఫిలునే కుదించి, గొట్టం కోసి, లోహం అక్కడక్కడా చెక్కి, మూతికి గరాటులాంటి తొడుగు, మడమకి రబ్బరు ముక్క తగిలించారు. తేలికైంది, కానీ గాడిదలా తంతుంది. అంతకంటే పెద్ద గొడవ దాని "వాండరింగ్ జీరో". ఇవాళ సరిగ్గా గురికి సర్దిన తుపాకి రేపు ఇంకోచోట కొడుతుంది. సైన్యం వాళ్ళు పరీక్షించి, కారణం తేల్చలేక, చివరికి తయారీ ఆపేశారు. లోపం నిజమేనా, లేక కొత్త తుపాకి కొనడానికి దొరికిన సాకా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. రీప్రొడ్యూస్ కాని బగ్గుని "డిజైన్ లోపం" అని రాసి టికెట్ మూసేయడం మనకి కొత్తా?

పెద్దాయన వాదన వేరు. కొంత తప్పు తూటాదే అంటాడు. ఫ్యాక్టరీ తూటా ఏ .303 లోనైనా పేలాలి కాబట్టి అందరికీ సరిపోయేలా, ఎవరికీ అమరనట్టు చేస్తారు. యుద్ధకాలపు ఎన్‌ఫీల్డులకి తూటా కూర్చునే గది కావాలనే వదులుగా తొలిచారు, బురదలోనూ పనిచెయ్యాలని. పైగా బోల్టు వెనకవైపు బిగుస్తుంది గనక పేలినప్పుడు ఇత్తడి కేసు కాస్త సాగుతుంది. ఒకసారి పేలిన కేసు ఆ తుపాకి గదికి కొలిచి కుట్టిన చొక్కా అయిపోతుందన్నమాట. దాన్ని మళ్ళీ మొత్తం నొక్కి పాత కొలతకి తేకుండా, మెడ ఒక్కటీ బిగించి, కొత్త ప్రైమరు, మందు, గుండు పెడితే ఆ తుపాకికే సరిపోయే తూటా వస్తుంది. ఇదే హ్యాండ్‌లోడింగ్. కేసు ఎక్కువసార్లు వాడితే అడుగుభాగంలో లోపల సన్నని గాడి పడుతుంది. పెద్దాయన వంచిన పేపర్ క్లిప్పుతో తడిమి, గీరుకుంటే ఆ కేసు చెత్తలో వేస్తాడు. ఒంట్లో ఇంత సున్నితమైన వేలు నేనెక్కడా చూడలేదు.

ఎంత మందు పొయ్యాలో ఇక్కడ రాయను. అది అచ్చయిన పట్టికలు చూసి, లైసెన్సున్నవాళ్ళు చేసుకునే పని. ఐర్లండులో ఇది వంటింటి బల్ల మీద చేసే సరదా కాదు. ఇక్కడి 1925 నాటి ఫైర్ఆర్మ్స్ చట్టం తూటాలో ఏ చిన్న భాగాన్నైనా తూటాగానే లెక్కేస్తుంది. అందుకే పెద్దాయన పనంతా రేంజి ఆవరణలో, అనుమతి ఉన్న గదిలోనే. నేను తుపాకి ముట్టుకోలేదు, మందు ముట్టుకోలేదు. నా పని లాప్‌టాప్, క్రోనోగ్రాఫు రీడింగులు.

మందు తూచడం చూస్తే కంసాలి తక్కెడ గుర్తొచ్చింది. కొలత పేరు గ్రెయిను, అంటే ధాన్యపు గింజ. పౌనుకి 7000 గింజలు, ఒక్కోటి 65 మిల్లీగ్రాములకి కాస్త తక్కువ. మన గురివింద గింజలో దాదాపు సగం. పెద్దాయన అందులో పదోవంతు తేడా వచ్చినా వెనక్కి పోసేస్తాడు. ఇరవై కేసులూ చెక్క దిమ్మలో నిలబెట్టి, ఒక్కోదాంట్లో మందు పోసి, చివర టార్చి వేసి అన్నిట్లో మట్టం ఒకేలా ఉందో లేదో చూస్తాడు. రెండో శనివారం ఆయన పోస్తుండగా నేను స్టాండర్డ్ డీవియేషన్ గురించి ఏదో అడిగాను. ఆయన జవాబు చెప్పి, దిమ్మవైపు చూసి, ఆగిపోయాడు. ఎక్కడిదాకా పోశాడో గుర్తులేదు. టార్చి వేస్తే ఒకదాంట్లో మట్టం కొంచెం పైకున్నట్టు నాకూ అనిపించింది. నేనైతే ఆ ఒక్కటీ తీసి మళ్ళీ తూచేవాణ్ణి. ఆయన మాట్లాడకుండా ఇరవై కేసుల్లో మందూ డబ్బాలోకి ఒంపేసి మొదటినుంచి మొదలుపెట్టాడు. రెట్టింపు మందు పడిన తూటా పేలితే ఎదురుగా ఉండేది బోల్టు, బోల్టు వెనక ఉండేది ఆయన మొహం. ఆ పూట నేనింక నోరు విప్పలేదు.

టీ తాగుతూ ఆర్క్‌లో సంగతి ఆయనే ఎత్తాడు. డబ్లినుకి దక్షిణాన, విక్లో కౌంటీలో సముద్రపొడ్డు ఊరు. బర్మింగ్‌హామ్‌కి చెందిన కైనోక్ కంపెనీ 1895లో అక్కడ కార్డైటు ఫ్యాక్టరీ పెట్టింది. కార్డైటంటే నైట్రోగ్లిజరినూ గన్ కాటనూ వాజలీనుతో కలిపి సేమ్యాలా తీసిన మందు. .303 లో మొదట్లో నల్లమందు వాడినా, 1890ల నుంచి నింపింది ఇదే. ఆ పుల్లల కట్టని ముందు కేసులో పెట్టి, తర్వాత మెడ నొక్కేవాళ్ళు. అందుకే ఇప్పటి హ్యాండ్‌లోడరు పాతపద్ధతిని యథాతథంగా అనుకరించలేడు, గుళికల మందే గతి. మొదటి ప్రపంచయుద్ధంలో వేలమందికి కూడు పెట్టిన ఆ ఫ్యాక్టరీలో 1917 సెప్టెంబరు 21 తెల్లవారుజామున పేలుడు జరిగి 27 మంది పోయారు. మరుసటి ఏడాది యుద్ధంతోపాటు ఫ్యాక్టరీ పనీ ముగిసింది. "తూచేటప్పుడు నేనెందుకు మాట్లాడనో అర్థమైందా" అని ఆయన అనలేదు. అనక్కర్లేదు కూడా.

సరే, అంకెల సంగతి. మూడు శనివారాలు, 300 గజాల దూరం. ప్రతి గుండుకీ వేగం, సమయం, అట్ట మీద పడిన చోటు రాసుకున్నాను. ఫ్యాక్టరీ తూటాలతో పోలిస్తే ఆయన తూటాల వేగంలో తేడాలు సగానికంటే తగ్గాయి. అట్ట మీద నిలువు చెదురూ తగ్గింది. గుండు వేగం మారితే పడే ఎత్తు మారుతుంది కాబట్టి ఇది ఊహించిందే. అడ్డం చెదురు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని సమయం ప్రకారం పేర్చి చూస్తే, గబగబా కాల్చిన వరసల్లోనే గుళ్ళు పక్కకి జరుగుతున్నాయి. ఆరనిచ్చి కాలిస్తే తిరిగొస్తున్నాయి. పల్చటి గొట్టం వేడెక్కడమే కారణమని నా అనుమానం. "అంటే సగం నా తూటా, సగం దాని ఒళ్ళు" అన్నాడు పెద్దాయన. ఒక్క తుపాకి, మూడు రోజుల డేటాతో ఏదీ తేల్చలేమన్నాను. అలా అన్నందుకు ఆయన సంతోషించినట్టే కనబడ్డాడు, మళ్ళీ రమ్మన్నాడు మరి.

ఆ చివరి శనివారం కింద పడిన ఖాళీ కేసొకటి నా బూటు పక్కన దొరికింది. ఇత్తడి, ఇంకా వెచ్చగా ఉంది. వచ్చే నెల ఇండియా వెళ్తున్నాను, నాన్నగారికి ఇస్తే మురిసిపోతారని జేబులో వేసుకున్నాను. సామాను సర్దుకుంటున్న పెద్దాయన దిమ్మలో కేసులు లెక్కపెట్టి, "పంతొమ్మిదే ఉన్నాయి" అన్నాడు. నేల మీద వెతకడం మొదలుపెట్టాడు, మోకాళ్ళ మీద. సిగ్గుపడి తీసిచ్చాను. ఇక్కడి చట్టం సంగతి పైన చెప్పాను కదా. మన 1959 ఆయుధాల చట్టం కూడా తూటా భాగాల్ని తూటా కిందే చేరుస్తుంది. ఖాళీ కేసే కదా అని హాండ్ బ్యాగులో పడేస్తే శంషాబాదులో స్కానరు ముందు అది నిండు కేసు అయి కూర్చుంటుంది. పౌరసత్వం దరఖాస్తు పెట్టుకున్నవాడికి అది చిన్న విషయం కాదు.

ఆ రాత్రి నాన్నగారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మన దగ్గర ఆ తుపాకి ఎంతకాలం నడిచిందో ఆయనకి తెలుసు. 2008లో ముంబై సి.ఎస్.టి. స్టేషన్లో పోలీసుల చేతుల్లో ఉన్నది అదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే నాడు. గొట్టం వేడి, నిలువు చెదురు, కార్డైటు అన్నీ ఓపిగ్గా విన్నారు. ఆర్క్‌లో గురించి విని "అయ్యో" అన్నారు. చివర్లో నా జేబు సంగతి చెప్పగానే గొంతు మారిపోయింది.

"ఒరేయ్, మా రోజుల్లో రేంజిలో ఒక్క ఖాళీ తగ్గితే చీకటిపడేదాకా గడ్డి దువ్వేవాళ్ళం. ఇంతకీ ఇరవై కాలిస్తే ఇరవై అప్పజెప్పారా?"

"అప్పజెప్పాం నాన్నా."

"నువ్వు లెక్కపెట్టావా, ఆయన చెప్పాడా?"