పొద్దు పొడవకముందే వేడినీళ్లు ఎలా?

హైదరాబాదులో మాదాపూర్, కొండాపూర్ మేడల మీద నల్లటి గాజు గొట్టాల వరస, దాని నెత్తిన గుండ్రటి ట్యాంకు చూశారా? నీళ్లు కాచే ఆ పరికరం ఎండ మీదే బతుకుతుంది. మరి డిసెంబరు చలిలో, తెల్లారకముందే కుళాయిలో వేడినీళ్లెలా వస్తాయి?

అవి నిన్నటి ఎండకు కాగిన నీళ్లు! ఒక్కో గొట్టం నిజానికి ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గొట్టాలు. లోపలిదాని నల్లపూత ఎండను పీల్చుకుంటుంది. రెంటి మధ్యా గాలి తీసేస్తారు కనుక ఆ వేడి బయటికి పోలేదు. టీ పోసుకునే ఫ్లాస్కులోనూ ఇదే కిటుకు. కాగిన నీరు తేలికై ట్యాంకులోకి ఎక్కుతుంది, చల్లనిది కిందికి దిగుతుంది. పగలంతా ఇదే తిరుగుడు. మోటారుతో పనే లేదు. ట్యాంకు చుట్టూ మందపాటి నురుగుపొర రాత్రంతా వేడిని కాపాడుతుంది. బోరు నీళ్లలో సున్నం మరీ ఎక్కువుంటే మాత్రం గొట్టాల్లో తెల్లగా గార కడుతుంది, కడిగించాల్సిందే.

పక్కనే ఉండే నీలం పలకల సంగతి వేరు. అవి వెలుతురును కరెంటు చేస్తాయి. వేడంటే వాటికి గిట్టదు, మే ఎండల్లో పని కాస్త మందగిస్తుంది కూడా! ఇంట్లో వాడగా మిగిలిన కరెంటు నెట్ మీటరు గుండా వీధి లైన్లోకి పోతుంది, ఆ లెక్క బిల్లులో తగ్గుతుంది.

ఈ పలకలు మనింట్లోనూ పెట్టాలంటే? హైదరాబాదు భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి పలకలు దక్షిణం వైపు చూడాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. దరఖాస్తు పెద్దవాళ్లు చూసుకుంటారు. పలకల మీద నీడ పడకూడదు కదా, పక్క టవరు నీడ ఏ వేళకు ఎక్కడ పడుతుందో మేడ మీద సుద్దముక్కతో గీసే పని మీది.