నిలకడ నేర్పు సాధనములు

బడిపిల్లల వ్యాయామమనగానే మనకు పరుగుపందెము, కబడ్డీ, వాలీబాలు స్ఫురించును. ఈ ఆటలన్నిటికి ఆధారమైన నడుము బలమును, నిలకడను గూర్చి ఆలోచించుట అరుదు. తరగతిలో నిటారుగా కూర్చుండలేక బల్లపై వాలిపోవు బాలుని సోమరి యని మందలించెదము గాని, అతని వెన్ను కండరములు అలసినవేమో యని విచారింపము.

మొండెమును నిలుపునది వెన్నెముక యొక్కటే కాదు. ముందు ఉదర కండరములు, వెనుక వీపు కండరములు, పైన ఉదరవితానము, అడుగున కటి కండరములు కలిసి దానిని బిగించి పట్టుచున్నవి. ఇక నిలకడకు మూడు సాక్ష్యములు కావలెను: కన్ను చూపునది, లోచెవి తెలుపునది, కండరములు కీళ్లు చెప్పునది. ఒంటికాలిపై నిలిచి కన్నులు మూసికొనినచో శరీరము తూగుట అందరకు అనుభవమే. ఒక సాక్ష్యము తొలగగా భారమంతయు తక్కిన రెండింటిపై పడును. సాధనచే అవి పదునెక్కును.

ఇట్టి సాధనకు పరికరములు కలవు. మొదటిది నిలకడ దూలము. ఒలింపిక్ పోటీలలో స్త్రీలు విన్యాసములు చేయు దూలము 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 125 సెంటీమీటర్ల ఎత్తు కలది. పిల్లలకు ఆ యెత్తు వలదు. అంతే వెడల్పు గల నునుపైన కొయ్యను నేలపై కదలకుండ అమర్చిన చాలును. రెండవది ఊగుబల్ల: గుండ్రని చెక్కకు అడుగున అర్ధగోళము బిగించినది. మూడవది గాలి నింపిన పెద్ద బంతి. దీనిని 1963లో ఇటలీ దేశీయుడగు అక్విలీనో కొసానీ రూపొందించెను. స్విట్జర్లాండులో చికిత్సకు వాడుటచే స్విస్ బంతి యను పేరు కలిగినది. దానిపై కూర్చున్నపుడు పాదములు నేలకానవలెను, మోకాళ్లు లంబకోణమున నుండవలెను.

బోధనలో క్రమము ముఖ్యము. మొదట చేయిపట్టి నడిపింపవలెను. పిదప విడిచి, తరువాత తలపై పుస్తకముంచి నడిపింపవలెను. ఒక్కొక్కరినే ఎక్కింపవలెను, ప్రక్కన ఇసుకయో, చాపయో పరువవలెను. అన్నిటికంటె, జారినవానిని చూచి తక్కినవారు నవ్వకుండ చూడవలెను. ఒకసారి నవ్వులపాలైన పిల్ల మరల దూలమెక్కుటకు వెనుదీయును. అంతటితో ఆమె వ్యాయామము ముగియును.

5 నుండి 17 ఏండ్ల వారికి దినమునకు సగటున 60 నిమిషముల శారీరక శ్రమయు, వారమునకు కనీసము 3 దినములు కండరములను, ఎముకలను బలపరచు వ్యాయామమును అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మనమో, పరీక్షలు సమీపింపగనే డ్రిల్లు పీరియడును లెక్కలకు ధారపోయుదుము; పరికరములు పాడగునను భయమున వానిని గదిలో పెట్టి తాళము వేయుదుము.

ఉర్దూలో తాలీమ్ అనగా విద్య. మన హైదరాబాదులో కుస్తీ నేర్పు స్థలమును గూడ తాలీంఖానా యనియే పిలిచిరి. దేహమునకు నేర్పునదియు విద్యయేయని ఆ మాటను వాడినవారు ఎరుగుదురు. మనమును ఆ యెరుక కలిగి, ఒక కొయ్యదూలమునైనను బడి ముంగిట నుంచుదము.