ఇల్లు వేలమునకు రాకముందు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు నిలుపుకొనుట అంతకన్న కష్టమని అప్పుచేసి గృహప్రవేశము చేసినవారు ఎరుగుదురు. ఉద్యోగము పోయినా, ఇంటిలో ఒకరు మంచము పట్టినా నెలసరి వాయిదా ఆగిపోవును. అయితే ఆగిన వాయిదాకన్న ఆ తరువాతి మౌనమే ఇంటికి ఎక్కువ చేటు. నలుగురిలో తల ఎత్తుకొనలేమన్న సిగ్గుతో గృహస్థు బ్యాంకు పంపిన కవరును విప్పకయే బీరువాలో దాచును. చట్టమిచ్చిన గడువు మాత్రము ఆ కవరుతోనే మొదలై తరిగిపోవుచుండును.

తనఖా పెట్టుట అనగా అమ్ముకొనుట కాదు. బాకీ తీర్చి ఆస్తిని విడిపించుకొను హక్కు ఋణస్థునికి గలదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 60వ సెక్షనులో చెప్పినది. ఇల్లు అమ్మించి బాకీ రాబట్టుకొనుటకు పూర్వము బ్యాంకులు సాధారణముగా న్యాయస్థానమునో ట్రిబ్యునలునో ఆశ్రయించవలసి వచ్చెడిది. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టము ఈ పద్ధతిని మార్చినది. కోర్టుకు పోకుండగనే తనఖా ఇంటిని స్వాధీనపరచుకొని అమ్ము అధికారము బ్యాంకులకు దక్కినది. వ్యవసాయ భూమికి మాత్రము ఈ చట్టము వర్తింపదు.

వాయిదా 90 రోజులకు మించి నిలిచిపోయిన ఖాతాను మొండిబాకీగా లెక్కింతురు. పిమ్మట 13వ సెక్షను క్రింద నోటీసు వచ్చును. బాకీ చెల్లించుటకు 60 రోజుల గడువుండును. ఋణస్థుడు నోరు విప్పవలసిన కాలమిదియే. లెక్కలో పొరపాటున్నను, చెప్పుకొనదగిన కష్టమున్నను కాగితముపై వ్రాసి బ్యాంకులో ఇచ్చి రసీదు పొందవలెను. ఆ విన్నపము అంగీకరింపనిచో 15 రోజులలో కారణములు చూపుచు బ్యాంకు జవాబివ్వవలెను. ఋణస్థుని అభ్యంతరములను శ్రద్ధగా పరిశీలించవలెనని 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పిదపనే జవాబిచ్చు బాధ్యత చట్టములో చేరినది. వాయిదాల కాలము పొడిగించి నెలసరి భారము తగ్గించుమని కూడ కోరవచ్చును. అది హక్కు కాకపోయినను, అడుగనిదే దొరకదు.

గడువు దాటి బ్యాంకు స్వాధీనమునకు పూనుకొన్నచో 45 రోజులలో ఋణ వసూలు ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసుకొనవచ్చును. అట్టి ట్రిబ్యునళ్ళు హైదరాబాదులోను, విశాఖపట్టణములోను ఉన్నవి. వకీలుకు ఇచ్చుకొనలేనివారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ అండగా ఉన్నది. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత సహాయము పొందగలరు. లోక్ అదాలతులో రాజీ కుదుర్చుకొనవచ్చును. ఆ నిర్ణయముపై అప్పీలు లేదు గనుక, సంతకమునకు ముందు ప్రతి షరతును చదువుకొనవలెను.

ఇల్లు నిలుపుకొను ఆశ లేనప్పుడును చేయదగిన పని ఒకటి ఉన్నది. నోటీసు అందిన తరువాత బ్యాంకు వ్రాతపూర్వకముగా సమ్మతింపనిదే ఇల్లు అమ్మరాదు. ఆ సమ్మతితో తానే కొనుగోలుదారుని వెదకుకొన్నచో వేలముపాటలోకన్న మంచి ధర రావచ్చును. 2016 నాటి సవరణ ప్రకారము, వేలము ప్రకటన వెలువడుటకు ముందే ఖర్చులతో సహా బాకీ మొత్తము చెల్లించినచో అమ్మకము ఆగును. ఒకవేళ ఇల్లు అమ్ముడుపోయినను, బాకీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము న్యాయముగా చెందవలసినవారికి తిరిగి రావలెను.

ఇట్టి నోటీసులు చాలవరకు ఇంగ్లీషులో ఉండును. తండ్రి చదువలేని ఆ కాగితమును పదవ తరగతి కూతురు చదువగలదు. ఆమె కవరు విప్పి, నోటీసు అందిన తేదీ చూచి, గోడమీది క్యాలెండరులో 60వ రోజును ఎర్రసిరాతో గుర్తించినచో ఆ ఇంటికి తొలి సహాయము అందినట్లే. తేదీ లెక్కించుట, విన్నపము వ్రాయుట బడిలో నేర్పు విద్యలే. ఉపాధ్యాయుడు ఒక పూట వాటిని ఈ విధముగా కూడ నేర్పవచ్చును.