చెక్కనేల క్రింద గాలి

దమ్మాయిగూడలో మన సంఘసభ్యు లొకరి పాత యింట వడ్లు నిలువచేయు గది కలదు. దాని నేల మట్టిది కాదు. రాతి దిమ్మెలపై దూలములు వేసి, వానిపై టేకు పలకలు పరచినది. గత వానకాలము చివర, విత్తనపు వడ్ల బస్తాలున్న మూల ఆ నేల క్రుంగెను. పలక యెత్తి చూడగా దూలపు కొన గోడలో నున్నంత మేర పుచ్చి, గోరు తగిలినంతనే పొడియై రాలెను. అడుగు బస్తాల వడ్లు బూజువాసన కొట్టుచుండెను. యజమాని చెదలను నిందించిరి. చెదలు వచ్చిన మాట నిజమే. కాని యవి పిలువగా వచ్చినవి.

పిలిచినవారిలో మేమును చేరుదుము. కొన్నియేండ్ల క్రిందట ఎలుకల బాధ చెప్పుకొనగా, గోడ యడుగున నున్న గాలికన్నములను రాళ్లతోను సిమెంటుతోను మూయుడని చెప్పినవారము మేమే. పెరటివైపువి అట్లు మూతపడెను. వీథివైపువానిని రోడ్డు మూసెను. పాతదానిని త్రవ్వక దానిమీదనే క్రొత్త సిమెంటు రోడ్డు వేయుచు రాగా, ఒకప్పుడు మూడు మెట్లెక్కవలసిన అరుగు నేడు వీథికి సమమైనది. ఇట్టి యిండ్లు మన చుట్టుపట్ల పెక్కులు కలవు.

పైకి ఎండినట్లున్న భూమినుండి సయితము తేమ ఆవిరియై లేచుచునే యుండును. గాలి యాడినచో నది కొట్టుకొనిపోవును. ఆడనిచో దూలములు పీల్చుకొనును. కొయ్యలో తేమ నూటికి 20 పాళ్లు మించి నిలిచినచో పుచ్చు పట్టుటకు వీలగును. నిలువయుంచు వడ్లలో 14 పాళ్లు దాటరాదు. విత్తనమునకు 13 లోపుండుట మేలు.

కన్నములు తెరచుటకు ముందు నీటిదారి చూడవలయును. చూరునీరు, జలకపునీరు, రోడ్డునీరు పునాదివైపు వచ్చుచుండగా ఎంత గాలి యాడినను ప్రయోజనము లేదు. పిదప కన్నములను ఎదురెదురు గోడలలో నుంచవలయును. ఒక్కవైపే తెరచిన గాలి చొచ్చునుగాని సాగదు. 150 చదరపు అడుగుల నేలకు మొత్తము 1 చదరపు అడుగు తెరపి యుండవలెనని అమెరికా కట్టడపు నియమములలో నొక లెక్క కలదు. 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదికి ఆరంగుళముల చదరపు కన్నములు నాలుగైన సరిపోవును. ఎలుకలకై పావంగుళపు కన్నుల ఇనుపజాలి బిగింపవలెను. జాలి కొంత గాలి నాపును గనుక కన్నము మరికొంత పెద్దదిగా నుండనిండు. ఈ జాలిమాట ఆనాడే మాకు తోచియుండవలసినది.

రోడ్డు ఎత్తైనవైపు మోచేయివలె వంగిన గొట్టమును నేల క్రిందినుండి గోడగుండ పైకి తెచ్చి, రోడ్డుకు అడుగెత్తున బయటికి తెరువవచ్చును. దాని మూతికిని జాలి యవసరము. వానకాలమున బయటిగాలియే తేమగా నుండును. కాబట్టి పలకలెత్తినప్పుడే క్రింది మట్టిపై దళసరి ప్లాస్టిక్ పట్టా పరచుట మంచిది. పుచ్చిన దూలపు కొనను కోసివేసి, క్రొత్త కొనను గోడలో పూడ్చక, విడిగా రాతిపై నిలుపవలయును. బస్తాలు గోడకు మూరెడెడముగా నుండవలెను.

మా మాట విని కన్నములు మూసిన సభ్యులు మరికొందరు కలరు. వారు తొలకరికి ముందే సంఘ కార్యాలయమున చెప్పిన, జాలి కొలతలకు మేమే వచ్చెదము.