ఉక్కు: ఒక మాట, ఒక విద్య

శ్రీనివాసపురం వైపు విద్యార్థి ఇంట్లో 'ఇనుము' అంటాడు, బడిలో 'కబ్బిణ' అని చదువుతాడు. 'ఉక్కు' దగ్గరికి వచ్చేసరికి రెండు భాషలూ ఒకటే. మన కమ్మరి కన్నడంలో కమ్మార, కొలిమి కులుమె. ఇవి ఒకరి నుంచి ఒకరు ఎరువు తెచ్చుకొన్న మాటలని కొందరంటారు. 'ఉక్కు' విషయంలో మేము అలా అనుకోము. తమిళంలో 'ఉరుకు' అంటే కరగడం, 'ఉరుక్కు' అంటే ఉక్కు. కన్నడంలో 'ఉర్కు' అనే రూపమూ ఉంది. నడుమనున్న రేఫ పోయి 'క్క' మిగిలింది. అంటే ఉక్కు కరిగించినది అన్నమాట.

ఈ అర్థం వెనుక పనివాడి అనుభవముంది. పాత కొలిమిలో ఇనుము కరగదు. ఖనిజమూ బొగ్గూ కలిపి తిత్తులతో ఊదితే మెత్తని ముద్దగా మాత్రమే దిగుతుంది. సమ్మెటతో కొట్టి చిట్టెం వదిలించాలి. మధ్యయుగాల ఇంగ్లండులోనూ పద్ధతి ఇదే. అక్కడ ఉక్కును మూసలో కరిగించడం 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్‌తో గాని మొదలు కాలేదు.

మన దక్షిణదేశపు పనివారు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఇనుప ముక్కలను మట్టిమూసలో పెట్టి, తంగేడు కట్టె, పచ్చి ఆకులు వేసి, మూతి మెత్తి, గంటల తరబడి కాల్చేవారు. 1800లో మైసూరు సీమ తిరిగిన బుకానన్ ఈ పనిని కళ్లారా చూచి వ్రాశాడు. కట్టెలోని కర్బనాన్ని ఇనుము పీల్చుకొంటుంది. నూటికి ఒకటిన్నర పాళ్లు చేరేసరికి అది కరిగే వేడి బాగా దిగివస్తుంది. తంగేడు శాస్త్రానికి కాదు, చెలకల్లో చేతికందేది కనుక వేశారనుకోవచ్చు.

తెలుగునాట ఈ విద్యకు పేరుపడ్డ ఊరు నిజామాబాదు జిల్లా కోనసముద్రం. కత్తులపై నీటి అలల వంటి చారలు తేలడానికి గోలకొండ ఉక్కే కావాలని 17వ శతాబ్దంలో టావెర్నియే వ్రాశాడు. 1820 ప్రాంతంలో వాయిసీ ఆ ఊరు వెళ్లినప్పుడు కూడా ఇస్ఫహాను వర్తకుడొకడు అక్కడ సరుకు కొంటున్నాడు.

ఇక తగవు. బొంబాయి నుంచి పంపిన దిమ్మలను పరీక్షించి 1795లో పియర్సన్ లండనులో ప్రకటించిన వ్యాసంతో 'వూట్జ్' అనే మాట ఇంగ్లీషుకెక్కింది. ఇది 'ఉక్కు'కు వచ్చిన వికృతి అని పండితుల సాధారణాభిప్రాయం. మొదట వకారం వినబడుతున్నది కనుక కన్నడమేనని వాదం. కాని 'ఉంది'ని 'వుంది' అనేవారు మనలోనూ కొల్లలు. ఆ వకారం సాక్ష్యం ఏ ఒక్క భాషకూ చెల్లదు. మీ అవ్వ 'ఉక్కు' అంటుందో 'వుక్కు' అంటుందో ఒకసారి చెవిపెట్టి వినండి.