కాగితం తర్వాత మనిషి: లారీ ఏసీ కథ

మదనపల్లె గాలికి పెద్ద పేరు. ఆ గాలిని నమ్మే వందేళ్ల కిందట ఊరి పక్క ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానిటోరియం కట్టారు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, పక్కనే హార్సిలీ హిల్స్. కానీ ఇక్కడి మార్కెట్ యార్డులో టమాటా లోడు ఎత్తిన లారీకి ఆ చల్లదనం ఎంతోసేపు తోడురాదు. పుంగనూరు, పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగిందంటే చిత్తూరు, రాణిపేట, చెన్నై దాకా మైదానపు ఎండే. పాత లారీల్లో ఇంజన్ డ్రైవరు మోకాలి పక్కనే ఉంటుంది. పైన ఎండ, పక్కన ఇంజన్ సెగ, కింద తారు రోడ్డు వేడి. ఇన్నిటి మధ్య రాత్రీపగలూ బండి నడిపే మనిషికి ఏసీ విలాసం కాదు. చెమటతో ఒళ్లు నీరసించి రెప్పలు వాలకుండా కాపాడే పనిముట్టు అది.

ఆ పనిముట్టు పాడైతే ఈ దారిలో ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయింటుంది, కొట్టించెయ్యన్నా." పాత బండి ఓనరు డబ్బు ఎక్కువగా మునిగేది ఈ మాట దగ్గరే. ఏసీలో గ్యాస్ డీజిల్‌లా ఖర్చయ్యే సరుకు కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు కట్టకుండా గ్యాస్ ఎక్కిస్తే ఆ డబ్బు కూడా అదే దారిన పోతుంది.

అసలు ఏసీ అనే యంత్రం మనిషి కోసం పుట్టలేదు. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో తేమకు కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేవి కావు. ఆ తేమను అదుపు చేయడానికి విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు గీసిన ప్లానే నేటి ఎయిర్ కండిషనింగ్‌కు మొదలు. ముందుగా సుఖపడింది కాగితం.

లారీ ఎక్కినప్పుడూ అంతే, సరుకుదే మొదటి వంతు. పెద్దగా చదువుకునే అవకాశం లేక, పని చేస్తూ పని నేర్చుకున్న నల్లజాతి మెకానిక్ ఫ్రెడరిక్ జోన్స్ 1930ల చివర లారీకి బిగించే శీతల యంత్రాన్ని తయారుచేశాడు. రోడ్డు కుదుపులకు తట్టుకునే యంత్రం కావడమే దాని గొప్ప. దానికి పేటెంట్ కూడా వచ్చింది. అమెరికాలో మాంసం, పండ్లు వందల మైళ్లు చెడకుండా ప్రయాణించడం మొదలైంది. సరుకు చల్లగానే వెళ్లింది. డ్రైవరు మాత్రం ఎండలోనే కూర్చున్నాడు.

దాదాపు అదే సమయంలో ప్యాకార్డ్ కంపెనీ తన 1940 మోడల్ కార్లలో ఏసీ పెట్టింది. కూలింగ్ కాయిల్ డిక్కీలో సగం చోటు ఆక్రమించేది. కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజన్ ఆపి, బానెట్ తెరిచి, బెల్టు ఊడదీయాల్సిందే. రెండేళ్లకే దాన్ని మానేశారు. ఇవాళ స్విచ్ నొక్కగానే 'టక్' మని పట్టే చిన్న అయస్కాంతపు క్లచ్ విలువ ఈ కథ తెలిస్తేనే అర్థమవుతుంది.

గ్యాస్‌ది ఇంకో కథ. తొలిరోజుల్లో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవాళ్లు. లీకైతే ప్రాణాలు పోయేవి. 1930లో థామస్ మిడ్‌గ్లీ బృందం విషం కాని, మంట అంటుకోని ఫ్రియాన్ తెచ్చింది. అదే ఆకాశంలో ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో మోలినా, రోలండ్ హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి బయటపడింది. అలాంటి గ్యాసులను మాన్పించడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. బండ్లలోకి ఆర్-134ఏ వచ్చింది. ఇది ఓజోన్ జోలికి పోదు కానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. అందుకే ఆ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ ప్రకారం మన దేశం కూడా 2028 తర్వాత ఇలాంటి గ్యాసుల వాడకాన్ని పెంచకూడదు, 2032 నుంచి తగ్గిస్తూ పోవాలి. ఇక్కడి మెకానిక్ షెడ్డులో ఒక లీకు కట్టడం ఆ లెక్కలో కూడా పడుతుంది.

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని ఎత్తి బయట పారబోస్తుంది. మట్టికుండ పైకి ఊరిన నీరు ఆవిరవుతూ కుండలోని వేడిని పట్టుకుపోయినట్టే, డ్యాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్‌లో ద్రవంగా ఉన్న గ్యాస్ ఆవిరవుతూ క్యాబిన్ వేడిని మింగుతుంది. అక్కడ ప్రెషర్ గేజి మీద 30 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటే సున్నా డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ 200 పీఎస్ఐ దాకా నొక్కితే, అది 55 డిగ్రీల దగ్గర మళ్లీ ద్రవమవుతుంది. బయట ఎండ 40 డిగ్రీలున్నా గ్యాస్ అంతకంటే వేడిగా ఉంది కనుక, ముందున్న కండెన్సర్ రేకుల గుండా వేడి గాలిలోకి దిగిపోతుంది. డ్రయర్ తేమను పీలుస్తుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ద్రవాన్ని సన్నని దారిలో కాయిల్‌లోకి వదులుతుంది. మళ్లీ మొదటికి.

ఈ చక్రం తెలిస్తే వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఖర్చు లేని చోట మొదలుపెట్టాలి. ముందు కండెన్సర్ చూడండి. కుప్పం గ్రానైట్ క్వారీల దుమ్ము, మార్కెట్ యార్డు గడ్డీగాదం రేకుల మధ్య అట్టకడితే వేడి బయటికి పోదు. లోపలి వైపు నుంచి బయటికి నెమ్మదిగా నీళ్లు కొట్టి కడగాలి. వాటర్ సర్వీసు గన్నుతో దగ్గర్నుంచి కొడితే రేకులు వంగిపోయి గాలి దారే మూసుకుంటుంది. బండి పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, లోడింగ్ కోసం ఆగితే వేడి గాలి వస్తోందంటే కండెన్సర్ ఫ్యానును అనుమానించాలి.

తర్వాత క్లచ్. స్విచ్ వేస్తే 'టక్' మనకపోతే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్, వైరింగు చూడాలి. గ్యాస్ బాగా తగ్గినా ప్రెషర్ స్విచ్ క్లచ్‌ను పట్టనివ్వదు, కంప్రెసర్ కాలిపోకుండా అది చేసే కాపలా. స్విచ్‌ను డైరెక్టు చేసి బండి తోలడం కంప్రెసర్‌ను చేజేతులా చంపుకోవడమే. పొద్దున పట్టిన క్లచ్ ఇంజన్ వేడెక్కాక వదిలేస్తుంటే ప్లేటు అరిగి సందు పెరిగిందేమో చూడండి. ఆ సందు సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. చాలా రకాల్లో లోపలున్న సన్నని వాషరు ఒకటి తీస్తే చాలు, కొత్త కంప్రెసర్ అక్కర్లేదు.

లీకుకు గుర్తు నూనె మరక. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంటుంది కాబట్టి, పైపు జాయింటు దగ్గర జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లగా కనిపిస్తుంది. అనుమానం ఉన్నచోట నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్లు పూయాలి. పెద్ద లీకైతే బుడగ వెంటనే ఉబ్బుతుంది. చిన్నదైతే ఆవగింజలంత నురుగు ఒక్కచోటే నెమ్మదిగా పేరుకుంటుంది, దానికి ఓపిక కావాలి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎన్నడూ వాడకూడదు, నూనెతో కలిస్తే పేలుతుంది. చాలాసార్లు తేలేది కుదుపులకు వదులైన జాయింటులో గట్టిపడిన ఓ-రింగు. వేల రూపాయల గ్యాస్‌ను మింగేది ఆ చిన్న రబ్బరు ముక్కే.

లీకు కట్టాక వాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. గొట్టాల్లో తేమ ఉంటే వాల్వ్ దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది. కాసేపు చల్లగా, కాసేపు వేడిగా వస్తుంటే అనుమానం దాని మీదే. వాక్యూమ్‌లో నీరు మామూలు వేడికే ఆవిరై బయటికి పోతుంది. సిస్టమ్ తెరిచినప్పుడల్లా డ్రయర్ మార్చాలి. గ్యాస్‌ను గేజి చూసి ఊహించకుండా, బండి మీది లేబుల్‌లో ఉన్న గ్రాముల ప్రకారం తూచి ఎక్కించాలి.

చవక గ్యాస్ ఆశ మాత్రం వద్దు. 2011లో వియత్నాంలో సర్వీసు చేసిన కొన్ని శీతల కంటైనర్లు పేలి మనుషులు చనిపోయారు. ఆర్-134ఏ పేరుతో వాటిలోకి ఎక్కింది పాత శత్రువు మిథైల్ క్లోరైడ్. అది అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే భగ్గుమనే పదార్థాన్ని తయారుచేసింది. వంటగ్యాస్ కలపడమూ అంతే ప్రమాదం, డ్రైవరు నిద్రపోయేది ఆ క్యాబిన్‌లోనే.

మన దేశంలో లారీ డ్రైవరు వంతు వచ్చేసరికి నూటపాతికేళ్లు దగ్గరపడ్డాయి. కేంద్ర రవాణా శాఖ 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. 2025లో అమలులోకి వచ్చిన ఆ నిబంధన ప్రకారం కొత్తగా తయారయ్యే, మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన ప్రతి సరుకు వాహనానికీ ఏసీ క్యాబిన్ ఉండాలి. ఇది న్యాయమైన నిబంధన. కానీ రేపు ఘాట్ దిగబోయే లారీల్లో ఎక్కువ భాగం పాతవే. ఈరోజు కొత్తగా వచ్చినవీ నాలుగు చేతులు మారి, పాతబడి, ఈ షెడ్లకే చేరతాయి. అప్పటికి ఇక్కడ ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడు చదివిన పిల్లలు, షెడ్డుకొక వాక్యూమ్ పంపు, ఒక తూకం ఉండాలి. అంతవరకు ఓనరు చేయగలిగింది ఒకటుంది. గ్యాస్ ఎంతకు కొడతావని అడిగే ముందు, లీకు ఎక్కడుందో చూపించమని మెకానిక్‌ను అడగాలి. చూపించగలిగిన మనిషికి అడిగినంత కూలి సంతోషంగా ఇవ్వాలి.